జానెడు గుర్తు

"మైకుబాబూ, హోమం ఎన్నాళ్ళు సేత్తారండీ?"

ఎదురింటి అప్పలనర్సమ్మ ఇత్తడి గిన్నెలో నెయ్యి పట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఈ మాట అడిగింది. నేను అప్పుడు పాత ఆంప్లిఫయర్ ఒకటి విప్పి, దాని పేగులన్నీ నేలమీద పరుచుకుని కూర్చున్నాను. నా పేరు వరప్రసాదరావు. మా తాత కాలంలోనే బాప్తిస్మం పుచ్చుకున్న ఇల్లు మాది. అలాంటి ఇంట్లో హోమమా?

"ఏ హోమం అప్పలనర్సమ్మా?"

"దాసుకుంటారేటి బాబూ! వీదంతా తెలిసిపోనాది. మీ సుజమ్మగారే సెప్పేరు గదా, మా పాపకి హోం ఇస్కూలు, ఇంటికాడే సేత్తన్నామని. తెల్లారగట్ల మంత్రాలు కూడా ఇనబడతన్నాయి. ఇది మా గేదె నెయ్యి. కల్తీ లేదు. ఆ అగ్గిలో మా పేరు సెప్పి ఒక గరిటెడు ఎయ్యండి."

మంత్రాలేమిటో నాకు అర్థమైంది. పొద్దున్నే వంటింట్లో మా ఆవిడ సుజీ, మా అమ్మాయి రోజలినూ కలిసి దేశాల రాజధానులు వల్లిస్తారు. మంగోలియా ఉలాన్‌బాతర్, మడగాస్కర్ అంటనానరివో, బుర్కినా ఫాసో వాగడూగు. ఆ వాగుడు వీధిలో నిలబడి వింటే ఎవరికైనా ఏ దేవుణ్ణో పిలుస్తున్నట్టే ఉంటుంది.

"అది హోమం కాదమ్మా, హోం. చివర మం లేదు."

"మం లేకపోతే ఏటి బాబూ, మంచి జరిగితే సాలు," అని గిన్నె అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మాట మీద మాట వేసి నా నోరు మూయించిన మనిషి అనకాపల్లిలో ఆవిడొక్కర్తే. నేను కాదన్నకొద్దీ దాచుకుంటున్నాననుకుంది. వీధంతా అలాగే అనుకుంది. సుజి ఆ గిన్నె తీసి షెల్ఫులో పెట్టింది.

అది రెండువేల ఏడు వేసవి.

ఊళ్ళో పెళ్ళిళ్ళకీ, చర్చి కూటాలకీ, నూకాలమ్మ జాతరకీ, ఎలక్షన్లకీ మైకు సెట్టు పెట్టేది నేనే. సౌండ్ సర్వీసు ఉంది గానీ సౌండ్ పార్టీని కాను. దేవుడు నాకొక నోరిచ్చాడు, దానికి నేను నాలుగు బాక్సులు తగిలించుకున్నాను. మా ఇంటికి పంపిన నోరంతా నాకొక్కడికే పంచేసి చేతులు దులుపుకున్నట్టున్నాడు. సుజి మాట పక్కగదిలోకి వినబడదు. రోజలిన్‌కి నత్తి.

బళ్ళో ఉన్నప్పుడు రోజూ హాజరు పిలిచేవారు. పేరు పిలవగానే "ప్రెజెంట్ మేడమ్" అనాలి. మా పిల్ల "ప్... ప్... ప్..." అంటూ ఉండగానే టీచరు తర్వాతి పేరుకు వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి మాకు కబురొచ్చింది, మీ అమ్మాయి బడికి సరిగ్గా రావడం లేదని. పరుగెత్తుకుని వెళ్ళాను. "ముందు బెంచీలో కూర్చున్న పిల్ల కనబడలేదా తల్లీ?" అంటే "కనబడిందండీ, పలకలేదు" అంది ఆవిడ. పలక పట్టే వయసులో బాగానే ఉండేదండీ, పలికే వయసొచ్చాకే ఈ గొడవ అన్నాను నేను. నవ్వుతారేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం రోజలిన్ తన సంచీ తీసుకెళ్ళి మేకుకు తగిలించింది. మళ్ళీ దించలేదు.

"దీనికి పాఠాలు నేనే చెప్పుకుంటాను," అంది సుజి. పెళ్ళికి ముందు టీచరుగా చేసిన మనిషి. మా సంఘంలో అప్పటికే నాలుగు కుటుంబాలు పిల్లల్ని ఇంట్లో పెట్టి చదివిస్తున్నాయి. హైదరాబాదు నుంచి ఒక మిషను వాళ్ళు ఇంటి చదువు పుస్తకాలు పంపేవారు. సుజి అన్న శాంతికుమార్ పిల్లలు ఆ పుస్తకాలే చదివేవారు. ఆయనకు సిమెంటు కొట్టు, మూడంతస్తుల మేడ, సంఘంలో పెద్దరికం ఉన్నాయి. నర్సు లూర్దు మేరీ డ్యూటీలు వారానికో రకంగా మారతాయి కనుక పిల్లలు తన కూడా తిరిగే చదువు కావాలంది. కశింకోట పాస్టరుగారిది విశ్వాసం. చోడవరం రోడ్డులో టైలరుది పాస్టరుగారి మీద విశ్వాసం. మాతో కలిపి ఐదిళ్ళు.

సుజి మా పిల్లకి మొదట మాటలు నేర్పలేదు. అట్లు పోసింది. పెనం మీద పిండి ఎటు జారితే అటు జారనిచ్చి, "ఇదేటి?" అని అడిగేది. రోజలిన్ చూసి "ఆస్ట్రేలియా" అనేది. అంచు మాడితే "సహారా" అనేది. నెమ్మదిగా ఆ పిల్ల అట్టు ముందు కూర్చున్నప్పుడు నత్తి లేకుండా మాట్లాడడం మొదలుపెట్టింది. అట్లాసులో ఉన్న దేశాలన్నీ మా అట్లలో ఉన్నాయి అని నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను.

అయితే ఎన్నాళ్ళు? పదో తరగతికి సర్టిఫికెట్టు ఎవరిస్తారు? నేనూ సుజీ ఒక మాట అనుకున్నాం. ఒక ఏడాది చూద్దాం. ఆ మిషను వాళ్ళు అనకాపల్లికి సెంటరిచ్చి, సుజిని అందులో టీచరుగా పెడితే పిల్ల ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే వైజాగులో హాస్టల్. ఆ ఏడాది జూన్‌తో నిండుతుంది.

మే నెలలో మిషను పెద్ద బ్రదర్ జెఫ్రీ గారి నుంచి ఫోనొచ్చింది. జూన్ ఆఖర్న వస్తారట. పిల్లలేం చదివారో చూసి సెంటరు సంగతి తేలుస్తారట.

"జాగ్రఫీ ఫెయిర్ పెడదాం," అంది సుజి.

"ఫెయిరంటే జాతర కదే. మనకి జాతరేటి?" అన్నాను.

"భూగోళానికి జాతర."

"భూగోళం కాస్తా గందరగోళం కాకుండా చూసుకో."

సుజి నవ్వింది. అప్పుడు నవ్వింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో ఐదు కుటుంబాలూ కూర్చున్నాం. సుజి నిలబడి మాట్లాడడం చాలాకాలానికి చూశాను. ఇంటికొక దేశం ఇస్తే పుస్తకంలో బొమ్మ చూసి దించేస్తారు, వద్దు అంది. మన శారదా నదిని చేద్దాం అంది. మాడుగుల కొండల్లో పుట్టిన దగ్గర్నుంచి రాంబిల్లి దగ్గర సముద్రంలో కలిసే దాకా ఐదు ముక్కలు. ఇంటికొక చెక్కపలక, అన్నీ ఒకటే కొలత. ఎవరి ముక్కలో ఊళ్ళు వాళ్ళు తిరిగి చూసి, అక్కడ ఏం పండుతుందో, ఎవరుంటారో తెలుసుకుని చెయ్యాలి. చివరి రోజున పలకలన్నీ కలిపి పరిస్తే కొండ నుంచి సముద్రం దాకా ఒకే నది.

"కలవకపోతే?" అన్నాడు టైలరు. గుడ్డ ముక్కలు కలపడంలో ఉండే బాధ ఆయనకి తెలుసు.

"అందుకే గుర్తు. పలక పై అంచు మీద ఎడమ మూల నుంచి జానెడు దూరంలో నది రావాలి. కింది అంచు మీద కూడా ఎడమ మూల నుంచి జానెడు దూరంలో బయటికి పోవాలి. నడుమ ఎన్ని వంకర్లు తిరిగినా ఫర్వాలేదు." సుజి తన జానతోనే ఐదు పలకల మీదా పెన్సిలు గుర్తు పెట్టింది. ఎవరి జానతో వాళ్ళు కొలిస్తే తేడా వస్తుందని.

శాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ చెల్లీ, శారదంటే సరస్వతి పేరు గదేటి?"

"నది పేరన్నయ్యా."

"నదే, కాదన్నానా? పేరు సంగతి అంటన్నాను."

"బావా," అన్నాను నేను, "నువ్వు పొద్దున్నే తాగే కుళాయి నీళ్ళు కూడా ఆ శారదవే. మరి మింగుతున్నావా, పుక్కిలించి ఊసేస్తున్నావా?"

హాలంతా నవ్వారు. శాంతికుమార్ కూడా నవ్వాడు. నవ్వారు కనుక ఒప్పుకున్నారనుకున్నాను. నా వృత్తిలో అదొక జబ్బు. నవ్వు వినబడితే పని అయిపోయిందనుకుంటాం.

మాడుగుల కొండలు శాంతికుమార్‌కి, చోడవరం చెరకు టైలరుకి, అనకాపల్లి వంతెన లూర్దు మేరీకి, కశింకోట కశింకోట పాస్టరుగారికి వెళ్ళాయి. రాంబిల్లి మాకు మిగిలింది.

మేం ముగ్గురం బస్సెక్కి రాంబిల్లి వెళ్ళాం. అక్కణ్ణుంచి ఆటోలో ఇసకదిబ్బల దాకా వెళ్ళి, ఆ తర్వాత నడిచాం. నది సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. తీరా చూస్తే కలవనేలేదు. నడుమ ఇసక మేట వేసింది. ఇటు పచ్చగా నిలిచిపోయిన నీరు, అటు ఎగిరిపడే సముద్రం. పిల్ల మొహం చిన్నబోయింది.

పడవ నీడలో వల బాగుచేసుకుంటూ ఒకాయన ఉన్నాడు. పేరు పరదేశి. పూడిమడక నుంచి ఆ వైపుకి అల్లుడుగా వచ్చానన్నాడు. రోజలిన్ తనంతట తాను వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"మామయ్యా, మొగ ఎప్పుడూ ఇలాగే మూసుకుని ఉంటుందా?"

"ఏసంగిలో ఇంతే పాపా. వానలొచ్చి ఎగువ నుంచి నీరొత్తే అదే తోసుకుని పోద్ది."

"సముద్రం తీయదా?"

"సముద్రం ఇసక తెచ్చి పోత్తాది గానీ తీత్తాదేటి? ఎనక నుంచి నీరు రావాల."

ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో! చేపలు ఎక్కడ గుడ్లు పెడతాయి, ఉప్పునీరు ఎంత దూరం లోపలికి వస్తుంది, పడవలు ఎటు తిప్పుతారు. మా పిల్ల ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు. ఆయనకి ఆ సంగతి తెలియదు కనుక ఆశ్చర్యపడలేదు. నేనూ సుజీ దూరంగా నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా సముద్రం చూశాం. దగ్గరికి వెళ్తే ఎక్కడ ఆగిపోతుందో అని మా భయం.

తిరుగు బస్సులో రోజలిన్ నాతో ఒక్కటే మాట అంది. "నాన్నా, ఫెయిర్ రోజు నేనే చెప్తాను. నా దగ్గర మైకు పెట్టకు."

"మైకువాడి కూతురివి, మైకు వద్దంటే ఎలాగే?"

"వద్దు నాన్నా."

"సరే, నీ మాటే నా మైకు," అన్నాను.

జూన్ అంతా మా ఇల్లు ఇసకతో నిండిపోయింది. పలక మీద రాంబిల్లి ఇసకే అంటించారు. పరదేశి పడవని అగ్గిపుల్లలతో చేసి దిబ్బ మీద పెట్టారు. ఇసక మేటను మాత్రం విడిగా, తీసి పెట్టడానికి వీలుగా చేసింది రోజలిన్. తన వంతు వచ్చినప్పుడు పై పలకల వైపు చెయ్యి చూపించి, వానలొచ్చాయి, కొండ మీంచి నీరొచ్చింది, చోడవరం దాటింది, వంతెన దాటింది, కశింకోట దాటింది అని చెప్పుకుంటూ వచ్చి, చివర్న ఆ మేటని పక్కకి తోసేయాలని దాని ఆలోచన. అద్దం ముందు నిలబడి రోజూ తోసేది. వీధిలో అప్పలనర్సమ్మ మా కిటికీ వైపు చూసి దండం పెట్టుకుని వెళ్ళేది.

మిగతా ఇళ్ళలో ఏం జరుగుతోందో చూద్దామని నేను వెళ్తే అందరూ దుప్పట్లు కప్పేశారు. "సర్‌ప్రైజు బావా, సర్‌ప్రైజు," అన్నాడు శాంతికుమార్. లూర్దు మేరీ అయితే గుమ్మంలోనే అడ్డంగా నిలబడి టీ ఇచ్చి పంపించేసింది.

జూన్ ఆఖరి శనివారం సన్నగా వాన. హాల్లో నేల మీద సుజి సుద్దముక్కతో గీతలు గీసింది. వేదిక దగ్గర కొండలు, గుమ్మం దగ్గర సముద్రం. నేను ఓ మూల ఆంప్లిఫయర్ పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు బాక్సులు కట్టాను. ముఖ్య అతిథికి మైకు ఉండాల్సిందేనన్నాడు శాంతికుమార్. గుమ్మం దగ్గర, మా పిల్ల పలక దగ్గర మాత్రం వైరు లాగలేదు.

జెఫ్రీ గారు రావడానికి కాస్త ముందు పలకలొచ్చాయి. శాంతికుమార్ పిల్లలు దుప్పటి లాగారు. కొండల మీద తెల్లగా దూది.

"బావా, మాడుగుల్లో మంచెప్పుడు పడింది? హల్వా మీద పంచదార చల్లేవా ఏటి?"

"మాడుగుల కాదు బావా, హెర్మోను పర్వతం," అన్నాడు శాంతికుమార్, కాస్త గర్వంగా, కాస్త సిగ్గుగా. "బైబిల్లో యొర్దాను నది పెట్టేను. బ్రదర్ గారంతటోడు వత్తన్నాడు, మనం శారద చూపిత్తే ఏం బాగుంటాది? అయినా మారింది నాదొక్కటే గదా. మిగతావి శారదే గదా."

సుజి ఏదో అనబోయింది. ఈలోగా టైలరు తన పలక మీది గుడ్డ తీశాడు. నీలం వెల్వెట్ నది. పైన గలిలయ సముద్రం, నడుమ యెరికో, కింద ఉప్పు సముద్రం. టైలరు శాంతికుమార్ పలక వైపు చూసి నోరు తెరిచాడు. "అదేటండీ, మేవొక్కరమే మార్చేమనుకున్నాం."

కశింకోట పాస్టరుగారిది తీయక ముందే తెలిసిపోయింది. ఆయన తీయడానికి మొహమాటపడ్డాడు. యొర్దానులో దిగిన బాప్తిస్మమిచ్చు యోహాను మట్టిబొమ్మ కూడా ఉంది, చేతులెత్తి.

చివర లూర్దు మేరీ వచ్చింది, వానలో తడుస్తూ, డ్యూటీ చీరలోనే. "వదినా, ఏటీ అనుకోకు. వంతెన చేద్దామనే మొదలెట్టేం. పిల్లలు ఏడిచేరు. అందరూ శారద చేత్తన్నారు గదా, మనమైనా దేవుడి నది చేద్దారని..." అని దుప్పటి తీసి, నేల మీద ఉన్న మూడు పలకలూ చూసి, "ఓలమ్మో" అంది. ఆవిడ ఉప్పు సముద్రంలో నిజమైన కళ్ళుప్పు పోసింది.

నాలుగు పలకలు, నాలుగు యొర్దానులు. ఎవరి దారి వారిదే, ఎవరి యొర్దాను వారిదే. సుజి వంగి ఒక్కొక్క పలకా చూసింది. నాలుగింటి మీదా పై అంచులో నది సరిగ్గా జానెడు గుర్తు దగ్గరే మొదలైంది. ఆ మాట ఎవరూ మరిచిపోలేదు. కానీ నాలుగింటి మీదా కింది అంచుకి వేలెడు దూరంలో ఉప్పు సముద్రంలో పడి ఆగిపోయింది. దాంట్లోంచి నీరు బయటికి పోయే దారి లేదని అక్కడున్న పిల్లలందరికీ తెలుసు. వాళ్ళకి ఆ పాఠం చెప్పిందీ సుజే.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"ఏం చేస్తాం. గీతల మీద పెట్టించండి."

గీతల మీద పెట్టించాను. కొండలున్న చోట ఒక యొర్దాను, దాని కింద ఒక యొర్దాను, దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. చివర గుమ్మం దగ్గర రాంబిల్లి. రోజలిన్ తన పలక పక్కన పీట వేసుకుని కూర్చుని, పైకి అంతా ఒకసారి చూసింది. తర్వాత తన ఇసక మేట మీద చెయ్యి వేసి ఉంచింది.

జెఫ్రీ గారు చెడ్డమనిషి కాదు. తెల్లచొక్కా, మెత్తని మాట. మొదటి పలక దగ్గర సంతోషించారు. రెండో దాని దగ్గర ఆశ్చర్యపడ్డారు. మూడో దాని దగ్గర ఆయనకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. "చూశారా, ఎవరింట్లో వారు కూర్చుని చేసినా అందరి మనసూ ఒకే చోటికి వెళ్ళింది," అన్నారు. శాంతికుమార్ తల వంచి వినయంగా "ఒకరికొకరం చెప్పుకోలేదండి" అన్నాడు. అది మాత్రం నిజం.

చివరికి రాంబిల్లి దగ్గర ఆగారు.

"ఇదేమిటమ్మా?"

"శా..." అంది రోజలిన్. "శా... శా..."

"గట్టిగా సెప్పమ్మా, అయ్యగారికి ఇనబడాల," అంటూ శాంతికుమార్ తన చేతిలో మైకు ఉన్నపళంగా దాని నోటి దగ్గర పెట్టాడు. వైరు అంత దూరం సాగుతుందని నేననుకోలేదు. శా, శా, శా. నాలుగు బాక్సుల్లోంచి వచ్చింది. హాలు నిండింది, గుమ్మం దాటింది. బయట వానకి ఆగిన ఆటోవాళ్ళు లోపలికి తొంగిచూశారు. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు.

నేను నాబ్ సున్నాకి తిప్పేశాను.

"బావా, సౌండ్ పెంచు! సౌండ్ పోనాది!"

వినబడనట్టు కూర్చున్నాను. బాక్సులు ఆగేసరికి హాలు కూడా ఆగిపోయింది. జెఫ్రీ గారు పిల్ల ఎదుట గొంతుక్కూర్చుని, చాలా ప్రేమగానే అడిగారు. "ఫర్వాలేదమ్మా. ఈ నది ఎక్కణ్ణుంచి వస్తుంది, అది చెప్పు చాలు."

రోజలిన్ ఆయన భుజం మీదుగా నాలుగు పలకల వైపు చూసింది.

"వాళ్ళ దగ్గర్నుంచి రావాలండి," అంది. "రాలేదు."

మైకు లేకుండానే అందరికీ వినబడింది. ఒక్క అక్షరం ఆగలేదు.

లూర్దు మేరీ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "చిన్నపిల్ల," అన్నాడు శాంతికుమార్, నవ్వుతూ. జెఫ్రీ గారు కూడా నవ్వి, దాని తల నిమిరి, టీ బల్ల వైపు నడిచారు. రోజలిన్ మేట మీంచి చెయ్యి తీసింది. మేట ఎక్కడిది అక్కడే ఉంది.

టీలయ్యాక శాంతికుమార్ నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. చెప్పవలసినవాణ్ణి నేనే కదా, అనౌన్సరుని. నాబ్ మళ్ళీ తిప్పాను. "అనకాపల్లిలో ఇంటి చదువు సెంటరును మన సంఘ పెద్దలు శ్రీ శాంతికుమార్ గారి మేడ మీద ప్రారంభించుటకు, వారినే ఇన్‌ఛార్జిగా నియమించుటకు బ్రదర్ జెఫ్రీ గారు సంతోషముతో అంగీకరించియున్నారు." నా గొంతు ఎప్పటిలాగే ఖంగుమంది. ఎవరి పెళ్ళికైనా, ఎవరి చావుకైనా అది ఒకేలా మోగుతుంది.

"చెల్లీ, నువ్వెలాగూ మధ్యాహ్నాలు ఖాళీయే గదా," అన్నాడు శాంతికుమార్ గుమ్మం దగ్గర. "ఇన్‌ఛార్జి పేరు నాది గానీ పాఠాలు సెప్పేది నువ్వే. వచ్చెయ్."

"చూద్దాంలే అన్నయ్యా," అంది సుజి. పలకకి అటు కొస తను పట్టుకుని ఇటు కొస నన్ను పట్టుకోమంది. వానలో ఇంటికి తెచ్చేసరికి ఇసక సగం కారిపోయింది.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర రోజలిన్ మాట్లాడింది.

"మావయ్య మేడ మీదకి నేను వెళ్ళను. హాస్టల్‌కి వెళ్తాను."

ఇది కూడా ఆగకుండానే అంది. ఏడాది క్రితం అయితే ఆ పిల్ల ఇంత మాట తడుముకోకుండా అంటే వీధిలో లడ్డూలు పంచేవాణ్ణి. సుజి వద్దంటుందని ఎదురుచూశాను. వద్దనవే అని కళ్ళతో కూడా చెప్పాను. సుజి పిల్ల కంచం వైపు చూసి, లేచి, షెల్ఫులోంచి అప్పలనర్సమ్మ నెయ్యి గిన్నె తీసింది. మా ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు అప్పటిదాకా. అడుగంటా గీకి పిల్ల అన్నంలో వేసింది.

"అటక మీది పెట్టె దించండి," అంది నాతో.

ఆ వారం శారద ఎర్రగా, నిండుగా వచ్చింది. వంతెన మీద జనం నిలబడి చూశారు. రాంబిల్లి దగ్గర మొగ తెరుచుకునే ఉంటుంది. మాలో వెళ్ళి చూసినవాళ్ళు లేరు.

జూలైలో హాస్టల్‌కి తీసుకెళ్ళాం. వార్డెన్ మంచావిడే. మంచం చూపించింది, బీరువా చూపించింది. "రోజూ పొద్దునా సాయంత్రం రోల్ కాల్ ఉంటుందమ్మా. గట్టిగా పలకాలి," అంది.

"చెయ్యెత్తితే చాలదాండీ?" అన్నాను.

"అందరికీ ఒకటే రూలండి."

రోజలిన్ నా వైపు చూసింది. నేను దానిని నవ్వించడానికి ఏదో ఒకటి అనాలి. రోల్ కాల్ మీద, కాలు మీద, కాలం మీద నా దగ్గర మాటలకేం తక్కువ? ఒక్కటీ నోటికి రాలేదు. "వెళ్ళొత్తాం అమ్మా," అన్నాను.

మా ఇంట్లో అట్లు ఇప్పుడు గుండ్రంగా వస్తున్నాయి. సుజి గరిటె అడుగుతో తిప్పి తిప్పి, ఎక్కడా జారనివ్వకుండా పోస్తుంది.

ఆ రోజు వైజాగు నుంచి తిరిగొచ్చి మేం రిక్షా దిగేసరికి వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నారు. అప్పలనర్సమ్మ బిందె దించి ముందుకొచ్చింది.

"హోమం అయిపోనాదా బాబూ? మంత్రాలు ఇనబడతం లేదు రెండు రోజుల నుంచి. పెసాదం అయినా పెట్టరేటి మాకు?"

వెనకాల అందరూ నవ్వడానికి సిద్ధంగా నిలబడ్డారు. మైకుబాబు ఇప్పుడేదో ఒకటి అంటాడు, నవ్వుదాం అని. సుజి ఆగకుండా తాళం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను నిలబడి చెప్పాను. హోమం కాదమ్మా. హోం. ఇంగ్లీషులో హోమంటే ఇల్లు. బళ్ళో మా పిల్ల మాటకి ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది, అందుకని ఇంట్లోనే బడి పెట్టుకున్నాం. మీరు విన్నవి మంత్రాలు కావు, దేశాల ఊళ్ళ పేర్లు. కలిపి చదివితే దానికి నత్తి రాదు, అందుకని వాళ్ళమ్మ దానితోపాటు చదివేది. అగ్గి లేదు, పూజ లేదు. ఇంటి బడి. ఇవాళ పిల్లని హాస్టల్లో పెట్టి వస్తున్నాం. అంతే.

ఎవరి నోళ్ళు వాళ్ళు మెల్లగా మూసుకున్నారు. కుళాయి కింద ఎవరి బిందో నిండి పొర్లిపోతోంది. ఒకామె వెళ్ళి కట్టేసింది.

"ఇల్లా," అంది అప్పలనర్సమ్మ. "మరైతే నా నెయ్యి ఏటి సేసేరు బాబూ?"

"పిల్ల అన్నంలో వేసుకుని తినేసిందమ్మా."

ఆవిడ బిందె ఎత్తి చంకన పెట్టుకుంది.

"పోన్లెండి. ఎక్కడికెల్లాలో అక్కడికే ఎల్లినాది."